సింహగిరి మీద ఒక వాదం

ఈ ఇద్దరూ సింహాచలం కొండ నీడన పుట్టి పెరిగినవాళ్ళు. ఒకరు చరిత్ర మేష్టారుగా పనిచేసి రిటైరైన మావయ్య. శాసన సంపుటాలు ముందేసుకుని కూర్చుంటే భోజనం వేళ కూడా పట్టదు. రెండో మనిషి ఆయన మేనకోడలు. విశాఖలో బ్యాంకు ఉద్యోగం, ఏటా ఆషాఢంలో గిరి ప్రదక్షిణ. భక్తి ఇద్దరికీ ఉంది కాబట్టి పేచీ దేవుడి గురించి కాదు. ఇన్ని వందల ఏళ్ళు ఆ గుడిని నిలబెట్టింది కథా, శాసనమా అన్నదే పేచీ. చందనోత్సవం మర్నాడు మొదలైన ఆ మాటల్ని విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఊరుకోలేని చోట నా మాట కూడా కలిపాను.

మేనకోడలు: నిన్న నిజరూప దర్శనం చేసుకుని కొండ దిగుతూ కూడా మీరు శాసనాల మాటే ఎత్తారు మావయ్యా. ఏడాదికి ఒక్క రోజు దొరికే దర్శనం. ఆ ఒక్క పూటైనా రాళ్ళని వదిలేయకూడదా?

మావయ్య: స్వామిని కళ్ళారా చూశానమ్మలూ, కళ్ళు చెమర్చాయి కూడా. కానీ క్యూలో మన ముందున్న కుర్రాడు తండ్రిని అడగడం నువ్వూ విన్నావు కదా, ఈ గుడి ఎవరు కట్టించారు నాన్నా అని. దేవుడే వెలిశాడురా అన్నాడాయన. అదే ఆవరణలో కట్టించినవాళ్ళ పేర్లు రాతి మీద ఉన్నాయి. పిల్లాడు అడిగాడు, జవాబు అక్కడే ఉంది, అయినా వాడికి అందలేదు. నా బాధ అది.

మేనకోడలు: తండ్రి తప్పేం చెప్పాడు? హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి కొండ మీంచి సముద్రంలోకి తోయించి, పైన ఈ కొండనే పడేయమన్నాడు. స్వామి వచ్చి కాపాడాడు. ప్రహ్లాదుడు ఇక్కడ ప్రతిష్ఠ చేసి కొలిచాడు. యుగాలు గడిచి ఆ మూర్తి పుట్టలో కప్పబడిపోతే, ఊర్వశితో ఆకాశమార్గాన పోతున్న పురూరవుడు దిగి పుట్టమన్ను తొలగించాడు. తీసిన మన్ను ఎంతో అంత చందనం పూయమని, ఏడాదికోసారే నిజరూపం చూపమని ఆకాశవాణి పలికింది. అందుకే వైశాఖ శుద్ధ తదియనాడు మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. మొత్తం పన్నెండు మణుగులు. ఈ లెక్క ఏ శాసనం చూసి చేస్తున్నారు? కథ చూసే కదా!

మావయ్య: కథ బాగానే చెప్పావు. అయితే అది ఎప్పుడు జరిగిందో కథలో లేదు. శాసనంలో ఉంటుంది. ఇక్కడ దొరికిన వాటిలో పాతది కుళోత్తుంగ చోళుడి కాలంది, 11వ శతాబ్దం చివరిది. అంటే అప్పటికే ఇక్కడ గుడి ఉంది, దానం ఇచ్చేవాళ్ళున్నారు. ఇప్పుడు నువ్వు చూస్తున్న నల్లరాతి కట్టడం తూర్పు గాంగుల నాటిది. శక సంవత్సరం 1190, అంటే 1268 నాటి శాసనం ఆ సంగతి చెబుతుంది. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన నరసింహదేవుడి పేరు అందులో ఉంది, పని చేయించిన అక్కాయి సేనాపతి పేరు ఉంది. రాజు పేరైనా పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ సేనాపతి పేరు విశాఖలో ఎంతమందికి తెలుసు? నువ్వు బ్యాంకులో ఒక్కరోజు అడిగి చూడు.

మేనకోడలు: అడగక్కర్లేదు, ఒక్కరికీ తెలీదు. కానీ మా బ్యాంకులో స్వామి పేరున అప్పన్న, సింహాద్రి, సింహాచలం అనే పేర్లవాళ్ళు ఎంతమందో చెప్పనా? అకౌంటు పుస్తకాలు తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఉంటారు. శ్రీకాకుళం నుంచి తూర్పు గోదావరి దాకా ఇంటికొక సింహాద్రి ఉన్నాడు. సేనాపతి కట్టించిన రాయి ఇక్కడే ఉండిపోయింది. కథ మాత్రం ఊరూరా తిరిగింది.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటా. అయినా రాయి ఉండబట్టే కథకి చోటు దొరికింది.

మేనకోడలు: అలా అయితే తొట్లకొండ చూడండి. బావికొండ చూడండి. అటు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ చూడండి. అన్నీ ఈ చుట్టుపక్కలవే, మన గుడికంటే చాలా పాతవి. రాతి స్తూపాలున్నాయి, విహారాల పునాదులున్నాయి, బొజ్జన్నకొండ మీద కొండనే తొలిచారు. మరి దీపం పెట్టేవాళ్ళేరీ? ఆదివారం పూట జంటలు వెళ్ళి ఫొటోలు తీసుకుని వస్తారు. అక్కడ చెప్పుకునే కథ తెగిపోయింది, మనుషులు వెళ్ళిపోయారు, రాళ్ళు మిగిలాయి. ఇక్కడ కథ తెగలేదు కాబట్టి నిన్న మనం అన్ని గంటలు నిలబడ్డాం.

(ఇక్కడ మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఈ వాదం మొత్తంలో నాకు బలంగా తగిలిన మాట కూడా ఇదే. విశాఖ చుట్టూ ఉన్న ఆ బౌద్ధ క్షేత్రాలు ఒకనాడు భిక్షువులతో కళకళలాడినవి. ఇవాళ వాటిని కాపాడుతున్నది ఇనుప కంచె, ఒక కాపలాదారు.)

మావయ్య: సరే. అయితే అదే తొట్లకొండ సంగతి మనకి ఎలా తెలిసిందో కూడా చెప్పు. తవ్వితే తెలిసింది, రాతలు చదివితే తెలిసింది. కథ తెగిపోయిన చోట రాయే కదా సాక్ష్యం చెప్పింది! రేపు మన కథకీ ఆ గతి పట్టదని పూచీ ఏమిటి? పట్టదనే అనుకుందాం. అప్పుడు కూడా కథ ఒక్కటే ఉంటే చిక్కు ఉంది. దానికి ఎవరు తోచింది వాళ్ళు కలుపుతారు. రామానుజుల కథే తీసుకో.

మేనకోడలు: ఆయన రాకముందు ఇది శివాలయమనీ, వాదంలో గెలిచి వైష్ణవ క్షేత్రం చేశారనీ, మూర్తి మీద చందనం ఒలుస్తుంటే రక్తం వచ్చిందనీ, మళ్ళీ పూస్తే ఆగిందనీ చెప్తారు. అదేనా?

మావయ్య: అదే. చందనం కప్పుకున్న స్వామి చూడ్డానికి లింగంలా కనిపిస్తాడు కాబట్టి ఆ కథ ఊళ్ళో బాగా పాకింది. కానీ నిన్న నిజరూపంలో ఏం చూశావు? వరాహ ముఖం, మనిషి శరీరం, సింహపు తోక. గర్భాలయం వెలుపలి గోడ గూళ్ళలో వరాహమూర్తి, హిరణ్యకశిపుణ్ణి చీల్చే నరసింహుడు. రాయి ఇంత స్పష్టంగా చెబుతుంటే, ఎవరో ఎవరినో ఓడించి లాక్కున్నారనే కథ మనకెందుకు? శైవులకీ వైష్ణవులకీ తగువు పెట్టే కథ అది. కథలన్నీ మంచివే అనుకోవడం నీ పొరపాటు.

మేనకోడలు: నేను ఆ కథని వెనకేసుకు రావడం లేదు. కానీ జనం దాన్ని ఎలా పరిష్కరించుకున్నారో చూడండి. ఈ కొండకి క్షేత్రపాలకుడెవరు? త్రిపురాంతక స్వామి, అంటే శివుడు. స్వామి దగ్గరికొచ్చినవాళ్ళు ఆయనకీ దణ్ణం పెట్టుకుంటారు. తగువు పండితులది, భక్తులది కాదు. అమ్మమ్మ మెట్లదారిన ఎక్కేది కదా, ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ. ఆమెని ఎప్పుడైనా ఇది శివుడిదా విష్ణువుదా అని అడిగారా? అడిగితే అప్పన్నది అనేది.

మావయ్య: అమ్మ అలాగే అనేది, నిజమే. అయినా ఎవరూ గమనించనిదొకటి చెప్తా విను. స్వామి పాదాలు కనిపించవు. ఆపదలో ఉన్న ప్రహ్లాదుణ్ణి అందుకోవాలనే తొందరలో స్వామి గరుత్మంతుడి మీంచి దూకితే పాదాలు పాతాళంలోకి దిగిపోయాయని మీ స్థలపురాణం. మూర్తి నిలబడ్డ తీరు చూడు, మూడు వంపుల భంగిమ. నిటారుగా, ఏమీ పట్టనట్టు నిలబడలేదు. పరుగున వచ్చి ఆగినవాడిలా ఉన్నాడు. ఆ శిల్పి ఎవడో కథ తెలిసినవాడు. కథని రాతిలో పెట్టాడు. నాకు ఆ శిల్పి కావాలి. మీ కథలో అతనికి పేరు లేదు.

మేనకోడలు: మీ శాసనంలో మాత్రం ఉందా?

మావయ్య: లేదు. (కాసేపాగి) శిల్పి పేరు లేదు కానీ దీపం పెట్టించిన మనిషి పేరుంది. అసలు నేను చెప్పాలనుకున్నది అదే, నువ్వు రాజుల దగ్గరే ఆపేశావు. 1928లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల ఆరో సంపుటం తీసి చూడు. సింహాచలం శాసనాలు అందులో వందలున్నాయి. తెలుగులో ఉన్నాయి, సంస్కృతంలో ఉన్నాయి, ఒడియాలో, తమిళంలో ఉన్నాయి. రాజులవి కొన్ని. మిగతావి ఊరి పెద్దలవి, సేనానులవి, ఆడవాళ్ళవి. ఒకరు శ్రీభండారంలో ఇన్ని గండమాడలు కట్టి, స్వామి సన్నిధిలో ఒక అఖండ దీపం సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలని రాయించుకున్నారు. ఇంకొకరు పూలదండ కోసం ఇచ్చారు. ఒకరు నైవేద్యం కోసం ఇచ్చారు. గుడి ఆ సొమ్ము పుచ్చుకుని, ఆ పని ఎవరు చేయాలో, వాళ్ళకి రోజూ ఎంత ప్రసాదం ముట్టాలో రాసిచ్చింది. నువ్వు చేసే ఉద్యోగమేనమ్మా అది! డిపాజిట్టు, దానికి పత్రం.

మేనకోడలు: (నవ్వి) మా పత్రాలు రాతి మీద చెక్కం.

మావయ్య: చెక్కరు కాబట్టే ఎనిమిది వందల ఏళ్ళు ఉండవు. చెప్తా విను. ప్రాకారంలో ఒక స్తంభం దగ్గర నిలబడి చూశాను. మొదటి వరస అక్షరాలు నా మోకాలి ఎత్తున మొదలయ్యాయి. గాట్ల నిండా పసుపు, ఆపైన కుంకుమ, ఆపైన నూనె జిడ్డు. ఎవరో దీపం వత్తి అక్కడే తుడిచారు. వేలితో గీస్తే అక్షరం తల కనిపించింది, పాత తెలుగు అక్షరం. సగం పేరు చదవగలిగాను. మిగతా సగం మన భక్తి కిందే ఉండిపోయింది. ఆ దాత దీపం పెట్టించాడు, మనం ఆ దీపపు మసితోనే అతని పేరు చెరిపేస్తున్నాం.

(ఈ మాటకి మేనకోడలు వెంటనే జవాబివ్వలేదు. గుళ్ళలో శాసనాల మీద సున్నం కొట్టడం, రంగులెయ్యడం, టైల్స్ అతికించడం తెలుగునాట చూడనివాళ్ళు లేరు. ఈ విషయంలో నేను పూర్తిగా మావయ్య పక్షం.)

మేనకోడలు: శుభ్రం చేయించాలి, అందులో నాకు వాదం లేదు. కానీ ఆ దానాల పరంపరని జనం కోల్పోయారని మీరంటారు చూడండి, అక్కడ ఒప్పుకోను. ఇప్పటికీ మన రైతులు మొక్కు తీర్చుకోడానికి కోడెదూడని తోలుకొచ్చి అప్పన్నకి ఇస్తారా లేదా? మెడలో తాడు పట్టుకుని, నుదుట బొట్టు పెట్టి, కొండ కింద నిలబడతారు. నాడు దీపానికి మాడలిచ్చినవాడికీ, ఇవాళ కోడెనిచ్చినవాడికీ తేడా ఏముంది? రాయించుకోలేదు, అంతే. ఆ రైతు శాసనం చదవలేదు. అతని తాత ఇచ్చాడు, తండ్రి ఇచ్చాడు, అతనూ ఇస్తున్నాడు. మీ శాసనం చెప్పిన పని ఆగకుండా జరుగుతోంది. దాన్ని నడిపిస్తున్నది కథ.

మావయ్య: కృష్ణదేవరాయలంతటివాడు కూడా కథని నమ్మి ఊరుకోలేదు. గజపతుల మీద దండెత్తి వచ్చి, 1516లో ఇక్కడ స్వామిని కొలిచాడు. తొమ్మిది వందల తొంభై ఒక్క ముత్యాల హారం ఇచ్చాడు, ఇంకా ఏవేవో ఆభరణాలిచ్చాడు, రాణులు కూడా ఇచ్చారు. ఇచ్చి వెళ్ళిపోయాడా? ముత్యాల లెక్కతో సహా రాయించాడు. 1519లో మళ్ళీ వచ్చినప్పుడూ రాయించాడు. ఆ లెక్క లేకపోతే ఇవాళ రాయలు లక్ష ముత్యాలిచ్చాడని ఒకరు, ఇవ్వలేదని ఒకరు కొట్టుకునేవాళ్ళు.

మేనకోడలు: శత్రువుల రాజ్యంలోకి గెలిచి వచ్చినవాడు గుడి జోలికి పోకుండా, దణ్ణం పెట్టి హారం ఎందుకిచ్చాడు? ప్రహ్లాదుడి కథ విజయనగరంలోనూ తెలుసు, కటకంలోనూ తెలుసు. గజపతి కొలిచే దేవుడే రాయలకీ దేవుడు. ఇద్దరినీ ఆపింది ఆ కథ. పొట్నూరులో జయస్తంభం నాటాడు, ఇక్కడ మాత్రం హారం ఇచ్చాడు. తేడా మీరే చెప్పండి.

మావయ్య: బాగా అడిగావు. దీనికి నా దగ్గర శాసనం లేదు.

మేనకోడలు: ఇంకోటి. గోగులపాటి కూర్మనాథ కవి సంగతి. తురకల దండు కొండ మీదికి వస్తుంటే ఆయన గుళ్ళో నిలబడి స్వామిని నిలదీస్తూ పద్యాలు చెప్పాడనీ, తుమ్మెదల గుంపు లేచి దండుని తరిమి కొట్టిందనీ, అవి ఆగిన చోటే తుమ్మెదల మెట్ట అనీ అంటారు. తుమ్మెదలు నిజంగా వచ్చాయో లేదో నాకు తెలీదు. సింహాద్రి నారసింహ శతకం మాత్రం చేతిలో ఉంది. ఆపద వేళ దేవుణ్ణి నిలదీసే చనువు ఆ పద్యాల్లో ఉంది. ఆ చనువు ఏ దానశాసనంలో దొరుకుతుంది మావయ్యా?

మావయ్య: దొరకదు. కృష్ణమాచార్యుల సింహగిరి వచనాల్లో దొరుకుతుంది. 13వ శతాబ్దంలో, ఈ నల్లరాతి గుడి కట్టిన కాలం ఆ చుట్టుపక్కలే, ఛందస్సు పక్కన పెట్టి మామూలు మాటల్లో స్వామితో మాట్లాడినవాడు. తెలుగులో వచనానికి ఆయనే మొదటి పెద్ద. చూశావా, రాజు రాయిలో కడుతుంటే ఆయన మాటలో కడుతున్నాడు.

మేనకోడలు: ఇప్పుడు మీరే నా పక్షం మాట్లాడుతున్నారు.

మావయ్య: లేదమ్మా, ఆయన వచనాలు మనకి ఎలా అందాయి? ఎవరో కూర్చుని రాసిపెట్టారు కాబట్టి. మళ్ళీ రాతే.

మేనకోడలు: పోనీ, నిన్న తెల్లవారుజామున జరిగింది చెప్పండి. అర్చకులు వెండి బొరిగెలతో చందనం ఒలవడం. ఏ తాళపత్రం తెరిచి ఒలిచారు? ముందు తరం చేతి కదలిక చూసి నేర్చుకున్న పని. ఎక్కడ గట్టిగా గీయాలి, ఎక్కడ మెత్తగా అద్ది తీయాలి అన్నది ఎక్కడా రాసి ఉండదు. రోజుల తరబడి సానరాళ్ళ మీద గంధపు చెక్కలు అరగదీసినవాళ్ళ చేతులు చూశారా, పసుపు రంగు తేలి, వేళ్ళ మధ్య వరకూ గంధం ఎండిపోయి? రాత్రి గంగధార నీళ్ళతో సహస్ర ఘటాభిషేకం చేశారు, మళ్ళీ మూడు మణుగులు పూశారు. రాయి గుర్తుపెట్టుకున్నది ఒక ఎత్తు, చేతులు గుర్తుపెట్టుకున్నది ఇంకో ఎత్తు.

(ఈ వాదంలో కట్టడం గురించి తక్కువే వచ్చింది. నేను కొంచెం చెబుతాను. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుళ్ళలో ఇది అరుదు. కల్యాణ మండపంలో తొంభై ఆరు స్తంభాలు. చైత్ర శుద్ధ ఏకాదశి కల్యాణానికి ఊరంతా కదులుతుంది. రాతి రథం, దాన్ని లాగుతున్న రాతి గుర్రాలు చూస్తే కోణార్క గుర్తుకు రాక మానదు. రెండూ ఒకే గాంగ వంశం వారి పనులు. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఆ గుర్రాల దగ్గర ఆగి, ఇది మా రాజు కట్టించిందే అనుకుంటారు. తెలుగువాళ్ళం మాదే అనుకుంటాం. ఇద్దరి మాటా నిజమే.)

మావయ్య: నీ గిరి ప్రదక్షిణ సంగతి ఒకటి అడుగుతా. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతావు. హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం, మొత్తం 32 కిలోమీటర్లు. లక్షల మంది. అంతమందిలో ఒక్కరైనా కొండ చుట్టూ తిరిగి వచ్చాక గుడి గోడ మీద ఏముందని అడిగారా?

మేనకోడలు: కాళ్ళు బొబ్బలెక్కి వచ్చినవాళ్ళు గోడ చదవరు మావయ్యా. దారిలో ఎవరో తెలియనివాళ్ళు మజ్జిగ ఇస్తారు, అరటిపండు ఇస్తారు, కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. వాళ్ళెవరూ పేరు రాయించుకోరు. మీ శాసనాల దాతల కంటే వాళ్ళేమీ తక్కువ కాదు. పైపెచ్చు ఒక మెట్టు ఎక్కువే అంటాను.

మావయ్య: ఒప్పుకోను. పేరు రాయించుకోవడం గొప్పకోసం అనుకుంటున్నావు. రాయించుకున్నది పూచీ కోసం. నేను పోయాక దీపం ఆరితే అడిగేవాడు ఉండాలని. ఇవాళ దీపం ఆరింది, అడిగేవాడికి చదవడం రాదు. అందుకే బోర్డు పెట్టమంటున్నా. ముఖ్యమైన శాసనాలు పది, పన్నెండు. అసలు పాఠం, కింద ఇప్పటి తెలుగులో తాత్పర్యం. ఎవరు, ఎప్పుడు, ఏమిచ్చారు, ఎందుకిచ్చారు. ఎక్కడో మూలన కాదు, క్యూ కదలకుండా గంటల కొద్దీ ఆగే చోట.

మేనకోడలు: పెట్టించండి, నేనూ చందా వేస్తాను. కప్పస్తంభం దగ్గర మాత్రం వద్దు.

మావయ్య: అక్కడే ముందు పెట్టాలి! జనం ఎక్కువసేపు నిలబడేది అక్కడే.

మేనకోడలు: పిల్లల్లేని వాళ్ళు ఆ స్తంభాన్ని కౌగలించుకుని కళ్ళు మూసుకుంటారు. దాని కింద సంతాన వేణుగోపాల యంత్రం ఉందని నమ్ముతారు. ఆ క్షణంలో వాళ్ళ కంటి ముందు 13వ శతాబ్దం పెట్టకండి. నేను దాన్ని కౌగలించుకున్న రోజు నాకు ఏ సంవత్సరమూ అక్కర్లేకపోయింది.

మావయ్య: సరే, స్తంభానికి పది అడుగుల ఇవతల.

మేనకోడలు: ఇరవై.

అక్కడితో ఆగింది. ఆ పది అడుగుల తేడా ఇప్పటికీ తేలలేదు, తేలకపోయినా నష్టం లేదు. తేలాల్సినది ఇంకొకటి ఉంది. స్థలపురాణం చిన్న పుస్తకంగా కొండ మీద ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. శాసనాలు మాత్రం లైబ్రరీ బీరువాల్లో, పండితుల చేతుల్లో ఉండిపోయాయి. వాటిలో ఉన్నది మన ముత్తాతల తెలుగే. మేనకోడలు చెప్పినట్టు ఈ గుడికి జనాన్ని నడిపించేది కథేనని నేనూ నమ్ముతాను. కానీ మసి కింద పోతున్నది కథ కాదు, దీపం పెట్టించిన మనుషుల పేర్లు. దేవస్థానం వారికీ, పురావస్తు శాఖ వారికీ నా విన్నపం ఒక్కటే. స్తంభాల మీద శాసనాల్ని నిపుణుల చేత శుభ్రం చేయించండి, వాటి దగ్గర దీపాలు పెట్టకుండా చూడండి. వచ్చే చందనోత్సవం నాటికి 1268 శాసనానికి తెలుగు తాత్పర్యం క్యూలో నిలబడ్డవాళ్ళ కంటికి ఆనేలా పెట్టించండి.